మౌత్‌పీసు లేని బ్యాండు

ఇప్పటికీ ఏ బడి బ్యాండు ఎదురైనా నా చూపు ముందు బాకాల మొదళ్ల మీదికే పోతుంది. అక్కడ పెదాలు ఆనించి ఊదే మౌత్‌పీసు ఉంటే నిలబడి వింటాను, పిల్లలు ఎంత అపస్వరంగా ఊదినా సరే. లేకపోతే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పక్కనున్నవాళ్లు “ఏమైందమ్మా?” అంటారు. వాళ్లకు ఒక్క ముక్కలో ఎలా చెప్పను?

భూకంపం వచ్చిన ఏడాది శీతాకాలం అది. నాకు పదమూడేళ్లు. నైలు నది సముద్రంలో కలిసే చోట, వడ్రంగుల ఊరు మాది. ఈజిప్టులో సగం మంది కూర్చునేదీ పడుకునేదీ మా ఊరి కుర్చీల మీద, మా ఊరి మంచాల మీదే. మా నాన్న మహ్రూస్ చెక్క మీద తీగలూ పువ్వులూ చెక్కే మేస్త్రీ. కింద కార్ఖానా, పైన ఇల్లు. ఎవరితోనూ తగాదా పడే మనిషి కాదు. దారిలో పిల్లి అడ్డమొస్తే దానికి కూడా “క్షమించు తల్లీ” అని పక్కకు తప్పుకునేవాడు.

నవంబర్లో నన్ను బడి బ్యాండులోకి తీసుకున్నారు. నేను చేసిన ఘనకార్యమల్లా పొడుగ్గా పెరగడమే. మా ఆడపిల్లల బడిలో అందరికంటే పొడుగున్న ఎనిమిది మందిని ఏరి, సంగీతం చెప్పే ముషీరా టీచరు గాజు బీరువా తాళం తీసింది. చంటిపిల్లను అందించినట్టు ఒక ట్రంపెట్ నా చేతుల్లో పెట్టింది. ధగధగా మెరిసిపోతోంది.

“బుగ్గలు పొంగించు,” అంది. పొంగించాను.

“మీటల మీద వేళ్లు ఆడించు. ఒకటి, రెండు, మూడు. మళ్లీ మూడు, రెండు, ఒకటి. అంతే. వచ్చేసింది నీకు.”

“ఊదొద్దా టీచర్?”

“దేంతో ఊదుతావే? మౌత్‌పీసు లేదుగా.”

మౌత్‌పీసులు ఎనిమిదీ ఒక బిస్కెట్ల డబ్బాలో, హెడ్ మేడం ఇనాయత్ గారి డ్రాయర్లో ఉంటాయట. పిల్లలు ఊదితే లోపల చిలుము పడుతుందని ఆవిడ భయం. పండగలప్పుడు, పెద్దలు వచ్చినప్పుడు మైకు సెట్లో క్యాసెట్టు పెడతారు. అందులో ఏదో సైనిక బ్యాండు మోగుతుంది. మేం ఎనిమిది మందిమీ వరసలో నిలబడి బుగ్గలు పొంగించాలి. రిజిస్టర్లో మాత్రం వారానికి రెండు గంటలు వాద్య శిక్షణ జరుగుతున్నట్టే ఉంటుంది. తనిఖీకి వచ్చినాయన సంతకం పెట్టి, టీ తాగి వెళ్తాడు.

“మరి నేర్పేదెప్పుడు టీచర్?” అన్నాను.

“బ్యాండు నేర్చుకోవడానికటే పిచ్చిమొహమా? కనబడ్డానికి.”

మొదట్లో నవ్వొచ్చింది. నా పక్కన పెద్ద బాకా మోసే దౌలత్ అయితే తెరిపిలేకుండా నవ్వేది. అది చేపల వ్యాపారి కూతురు, మనిషి ఎంతో గొంతు అంత. కానీ ఇంట్లో నాన్న ఊరుకోడే. కార్ఖానాకు ఎవరొచ్చినా “మా రావియా ట్రంపెట్ ఊదుతుందండీ” అని చెప్పుకోవడం. ఒక రాత్రి పప్పు పులుసులో రొట్టె ముంచుకుంటూ నన్నే అడిగాడు.

“అయితే తల్లీ, ఊదేటప్పుడు పెదాలకు ఎలా తెలుస్తుంది? చల్లగా ఉంటుందా, చురుక్కుమంటుందా?”

“చల్లగా ఉంటుంది నాన్నా,” అన్నాను.

ఆయన తృప్తిగా తలాడించాడు. నా చేత మా నాన్నకు అబద్ధం చెప్పించింది ఆ డబ్బా. అప్పుడు పుట్టింది నాకు కోపం.

మర్నాడు కుళాయిల పక్కన మేం బుగ్గలు పొంగించడం సాధన చేస్తుంటే, గేటు కాపలా కాసే గత్తాస్ బాబాయ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మణికట్టు మీద చిన్న శిలువ పచ్చబొట్టు. అప్పటిదాకా ఆలస్యంగా వస్తే కసిరే మనిషిగానే మాకు ఎరుక.

“ఏమ్మాయ్, ఏ పాట అది?” అన్నాడు నన్ను.

“తెలీదు బాబాయ్.”

“నీకు తెలీదు సరే, నీ వేళ్లకైనా తెలియాలి కదా. ట్రంపెట్ మీటలు నొక్కుతున్నావా, చిక్కుడుకాయలు వలుస్తున్నావా? ఇక ఆ బుగ్గలు! ఊదేవాడి బుగ్గలు పొంగవు తల్లీ. పొంగాయంటే వాడు ఊదడం లేదన్నమాట.”

“టీచరు పొంగించమంది,” అంది దౌలత్.

“ఆవిడ అకార్డియన్ చదువుకుంది, అది ఊదేది కాదు. ఆవిడ తప్పు కాదు.” జేబులోంచి జేబురుమాలు తీశాడు. దాన్ని విప్పితే లోపల ఒక మౌత్‌పీసు, వెండి పూత అరిగిపోయి ఇత్తడి బయటపడింది. “సైన్యం బ్యాండులో ఇరవై రెండేళ్లు ఊదాను. ట్రంపెట్ వాళ్లదే, తీసుకున్నారు. ఇది నాది.”

ఆ రోజు నుంచి రోజూ ఇంటర్వెల్లో, మెట్ల కింద చీపుళ్ల గదిలో మా పాఠం. మొదటి వారం ట్రంపెట్ ముట్టనివ్వలేదు. పెదాలు మూసి, మధ్యలోంచి గాలి వదులుతూ, గ్లాసులో చిక్కుకున్న ఈగలా జుయ్యిమనిపించమన్నాడు. ఎనిమిది మందిమీ జుయ్యిమంటుంటే, పైనుంచి దిగే పిల్లలు చీపుళ్ల గదిలో తేనెపట్టు ఉందనుకున్నారు. చిన్న కాగితం ముక్క గోడకు పెట్టి, చేత్తో పట్టుకోకుండా ఊపిరితోనే నిలబెట్టమన్నాడు. “ఊపిరి ఛాతీలోంచి కాదు, పొట్టలోంచి. భుజాలు లేచాయంటే దొంగ ఊపిరి.” దౌలత్ కాగితం పద్దెనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా కదల్లేదు. నాది ఐదుకే జారిపోయింది.

రెండో వారం మౌత్‌పీసు. ఉన్నది ఒక్కటే. ఒకరి తర్వాత ఒకరం, నిమ్మచెక్కతో రుద్ది, కుళాయి కింద కడిగి. మూడో వారం దాన్ని నా ట్రంపెట్‌కు తగిలించాడు.

నేను ఊదాను. దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు. చేతుల్లో ఆ ఇత్తడంతా ఒక్కసారి ప్రాణం వచ్చినట్టు అదిరింది. నెల రోజులుగా మోస్తున్నాను, అది అదురుతుందని నాకెవరూ చెప్పలేదు. ఒకటి మాత్రం నేను నాన్నకు చెప్పినట్టే ఉంది, పెదాలకు చల్లగా.

“మళ్లీ,” అన్నాడు గత్తాస్ బాబాయ్. “పెదవికేసి నొక్కకు. నొక్కితే శబ్దం చస్తుంది.”

ఇంట్లో అదే మాట చెబితే నాన్న ఉలి చేతిలో తిప్పుతూ “అంతే మరి,” అన్నాడు. “బిగబట్టి కొడితే చెక్క చీలుతుంది. ఆయనెవరో పనిమంతుడు.” అమ్మ మాత్రం గగ్గోలు పెట్టింది. “పెదాలు చూడండి, కందిరీగ కుట్టినట్టు! రేపు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఎందుకొచ్చిన గోల ఇది మనకు?” అమ్మ పేరు నాద్రా. ఆవిడకు లోకమంతా ఒక కిటికీ, అందులోంచి అందరూ మా ఇంట్లోకే చూస్తుంటారు.

దో స్వరానికి ఏ మీటా నొక్కక్కర్లేదు. రె కి ఒకటీ మూడూ. మి కి ఒకటీ రెండూ. ఫ కి ఒకటే. సోల్ దగ్గరికొస్తే మళ్లీ ఏ మీటా లేదు. దో కీ సోల్ కీ వేళ్లలో తేడా లేదు, తేడా అంతా పెదాల్లోనే. ఇది తెలిసిన రోజు నేను బడి నుంచి ఇంటిదాకా పరిగెత్తాను. డిసెంబర్లో ముషీరా టీచరు మెట్ల కింద మమ్మల్ని పట్టేసింది. తిడుతుందనుకున్నాం. గుమ్మానికి ఆనుకుని కాసేపు విని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మర్నాడు హెడ్ మేడం మీటింగుకు వెళ్లాక, బిస్కెట్ల డబ్బా శాలువా చాటున తెచ్చి గత్తాస్ బాబాయ్ చేతిలో పెట్టింది. “గంటలో తిరిగివ్వాలి,” అంది. అది మొదలు వారానికి రెండుసార్లు అలాగే తెచ్చేది. తనూ ఒక మూల కూర్చుని, ఎవరూ చూడకుండా పెదాలతో జుయ్యిమనిపించేది.

ఆ ఐదు స్వరాలతోనే గత్తాస్ బాబాయ్ మా కోసం ఒక చిన్న కవాతు పాట కట్టాడు. జనవరి చివరికి మేం దాన్ని మొదలు నుంచి చివరిదాకా, ఒకే అడుగు మీద వాయించాం.

అప్పుడే కబురొచ్చింది. భూకంపానికి బీటలిచ్చిన మేడను బాగుచేశారు కదా, దాన్ని తెరవడానికి కైరో నుంచి ప్రభుత్వంలో ఒక పెద్దాయన వస్తున్నాడట. బడికి సున్నం వేశారు. పూలకుండీలు అద్దెకు తెచ్చారు. పెద్దాయన కూర్చోవడానికి మంచి కుర్చీ కావాలని ఇనాయత్ మేడం నాన్నను పిలిపించింది. “మీ అమ్మాయి బ్యాండులో ఉంది కదా మేస్త్రీ, బడికి మీ కానుకగా ఇవ్వండి,” అంది. నాన్న పొంగిపోయాడు. పన్నెండు రోజులు నిద్ర మానుకుని, ద్రాక్ష గుత్తులతో వీపు చెక్కాడు.

ముషీరా టీచరు ధైర్యం చేసి మేడం దగ్గర నిజం చెప్పేసింది. “పిల్లలు నిజంగానే వాయిస్తున్నారు మేడం. ఒక్కసారి వినండి.”

మేడం ముందు నిలబడి వాయించాం. నాకు ఒక్క రె జారింది, మిగతాదంతా తిన్నగా వచ్చింది. చివరి స్వరం ఆగాక దౌలత్ బాకా అడుగు తెరిచి లోపలి నీళ్లు వదిలింది, ఊదేవాళ్లంతా చేసే పనే. మేడం నేల మీది తడి చూసి ముక్కు మూసుకుంది.

“బాగానే ఉంది,” అంది. “కానీ బడిపిల్లలు వాయించినట్టుంది.”

మా వెనక నుంచి గత్తాస్ బాబాయ్ అన్నాడు, “బడిపిల్లలే కదా మేడం.”

ఆవిడ తల తిప్పింది. “నువ్వు గేటు వదిలి ఇక్కడేం చేస్తున్నావు?”

డబ్బా డ్రాయర్లోకి వెళ్లిపోయింది, డ్రాయరు తాళం మేడం సంచిలోకి. పొరపాటున కూడా ఎవరూ నోరు పెట్టి ఊదకుండా బాకాల నోళ్లలో దూది కుక్కించింది. “బుగ్గలు పొంగించడం మరవకండి,” అని వెళ్లిపోయింది.

పెద్దాయన వచ్చిన రోజు ఎండ బాగా కాసింది. తల్లిదండ్రుల వరసలో నాన్న పండగ కోటు వేసుకుని కూర్చున్నాడు. ఇనాయత్ మేడం పెద్దాయనను ద్రాక్ష గుత్తుల కుర్చీలో కూర్చోబెట్టింది. మైకు సెట్టు కీచుమంది, క్యాసెట్టు మొదలైంది. యాభై మంది మగాళ్లు వాయిస్తున్న శబ్దం మా ఎనిమిది మంది మీద వచ్చి పడింది. అందులో మా దగ్గర లేని వాద్యాలెన్నో ఉన్నాయి. నేను బుగ్గలు పొంగించలేదు. పొంగించలేకపోయాను, అంతే. నాన్న వైపు చూశాను. ఆయన ముందు నవ్వుతున్నాడు. తర్వాత తల కొంచెం పక్కకు వంచాడు, చెక్కలో డొల్ల ఉందేమోనని కొట్టి వినేటప్పుడు వంచినట్టు. ఆ తర్వాత నవ్వడం మానేశాడు.

చప్పట్లు కొట్టారు. పెద్దాయన లేచి మా వరస దగ్గరికి వచ్చాడు. పక్కన మేడం, “రెండేళ్ల శిక్షణండీ, ఒక్క రోజు మానలేదు,” అంటోంది. చివర్లో ఉన్నది నేను.

“ఏమ్మా, ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నావు?” అన్నాడాయన.

“మూడు నెలలుగా సార్. గత్తాస్ బాబాయ్ నేర్పాడు. కానీ ఇప్పుడు మోగింది మేం కాదు సార్.” ట్రంపెట్ తిప్పి చూపించాను. మౌత్‌పీసు ఉండాల్సిన చోట బోసి గొట్టం.

మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయనకు కోపం వస్తుందని, ఎవరినో పిలుస్తాడని, ఆ డ్రాయరు తెరిపిస్తాడని.

ఆయన పకపకా నవ్వాడు. నా బుగ్గ మీద తట్టాడు. “తెలుసులే తల్లీ. ఈ వారంలో నాలుగు బళ్లు తిరిగాను. అన్ని చోట్లా ఇదే క్యాసెట్టు.”

ఆయన నవ్వగానే చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మేడం కూడా, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు, అందరికంటే గట్టిగా నవ్వింది. అలా నవ్వుకుంటూనే కొత్త మేడ వైపు నడిచారు. రిబ్బను కత్తిరించారు. నేను ట్రంపెట్ పట్టుకుని అక్కడే ఉన్నాను. తిట్టినా బాగుండేది. నా నిజం ఆయనకు ముందే తెలుసు. తెలిసి, నాలుగు చోట్ల చప్పట్లు కొట్టి వచ్చాడు.

రెండు రోజుల తర్వాత గత్తాస్ బాబాయ్‌ని బదిలీ చేశారు. గేటు వదిలి తిరుగుతున్నాడని కారణం. ఉప్పు సరస్సు అవతల, విరిగిన బెంచీలు పడేసే గోదాముకు కాపలా. నాన్నను ఆఫీసు గదికి పిలిపించారు. పెద్దాయన కోసం చేసిన కుర్చీ అప్పటికే మేడం బల్ల వెనక్కి చేరింది, ఆవిడ అందులో కూర్చునే మాట్లాడింది.

“మీరు మంచివారు మేస్త్రీ, అందుకే పెద్దది చెయ్యడం లేదు. మీ అమ్మాయి అతిథి ముందు అబద్ధమాడింది, క్షమించమని నాలుగు ముక్కలు రాశాం. సంతకం పెట్టి వెళ్లండి.”

నాన్న కలం తీసుకున్నాడు. ఆయన సంతకం పెట్టడని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

“నువ్వు చెప్పింది అబద్ధమా తల్లీ?” అన్నాడు నా వైపు చూడకుండా.

“కాదు నాన్నా.”

“మేడం, ఒక ట్రంపెట్ తెప్పించండి. దాని మూతి కూడా. అమ్మాయి ఊదలేకపోతే సంతకం పెడతాను.”

“ఇది ఆఫీసు, పెళ్లి పందిరి కాదు.”

నాన్న కలం బల్ల మీద పెట్టేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “మీరు కూర్చున్న కుర్చీకి వెనక ఎడమ కాలు చీలికున్న చెక్క మేడం. పన్నెండు రోజుల్లో కావాలన్నారు, వేరే చెక్క ఆరలేదు. లక్కా రంపపు పొట్టూ కలిపి పూడ్చి పైన రంగేశాను. ఎవరికీ కనబడదు. నా జన్మలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఆ రోజు మైకులో పాట వింటుంటే నాకు ఆ కాలే గుర్తొచ్చింది. కాస్త లేవండి.”

“ఏమిటి?”

“లేవండి మేడం. పడతారు.”

ఆవిడ లేచింది. నాన్న బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, కుర్చీని తలకిందులుగా నెత్తి మీద పెట్టుకుని, “కాలు మార్చాలి,” అని బయటకు నడిచాడు. నేను వెనకాలే. తరగతి గదుల కిటికీల నిండా తలలు. గేటు దాటేదాకా ఆయన ఎవరికీ తప్పుకోలేదు.

కాలైతే మార్చాడు. కుర్చీ మాత్రం బడికి తిరిగి వెళ్లలేదు. కొత్త మేడకు బెంచీలు చేసే పని మాకు వస్తుందనుకున్నాం, అది వేరేవాళ్లకు వెళ్లింది. అమ్మ వారం రోజులు మాతో మాట్లాడలేదు. “తండ్రీ కూతుళ్లు కలిసి కొంప ముంచారు,” అని గోడకు చెప్పేది.

నన్ను బ్యాండులోంచి తీసేశారు. దౌలత్ అందరి ముందూ తన బాకా నేల మీద పెట్టి “ఖాళీ గొట్టం నేను మొయ్యను,” అంది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే పెట్టేశారు. అది చూసి నేను గెలిచామనుకున్నాను. మర్నాటి పొద్దున ప్రార్థనకు కొత్త ఎనిమిది మంది నిలబడ్డారు, అందరూ పొడుగే. బుగ్గలు పొంగించడం నేర్చుకోవడానికి వాళ్లకు ఒక్క పీరియడు చాలింది. మాకు ఐదు స్వరాలకు మూడు నెలలు పట్టింది.

అప్పుడు నాన్నే అన్నాడు, రాద్దామని. కాగితం మీద సంతకం పెట్టాలంటేనే చేతులు తుడుచుకునే మనిషి. పై ఆఫీసుకు రాశాం. “మహారాజశ్రీ, ఘనత వహించిన, దయామయులైన అయ్యగారికి” అని ఆయన చెప్పాడు, నేను రాశాను. రిజిస్టర్లోని రెండు గంటల సంగతి, దూది సంగతి, గత్తాస్ బాబాయ్ సంగతి, అన్నీ.

శుక్రవారాలు నాన్న, నేను, దౌలత్ పడవెక్కి గత్తాస్ బాబాయ్ దగ్గరికి వెళ్లేవాళ్లం. గోదాము ముందు విరిగిన బెంచీ మీద కూర్చోబెట్టి మాకు పాఠం చెప్పేవాడు, ట్రంపెట్ లేకుండానే, ఆ ఒక్క మౌత్‌పీసుతో. ఆరో స్వరం, లా దాకా వచ్చాం. తన గురించి ఏమీ అడగనిచ్చేవాడు కాదు. ఒకసారి మాత్రం సరస్సు వైపు చూస్తూ “ఇరవై రెండేళ్లు జెండాకు ఊదాను,” అని ఊరుకున్నాడు.

మేలో జవాబొచ్చింది. అమ్మ కింద కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతోంది. కవరు చింపి నేను పైకి చదివాను. మా ఫిర్యాదు పరిశీలించారట. ఎలాంటి లోపమూ కనబడలేదట. అంతేకాదు, క్రమశిక్షణలోనూ స్వరశుద్ధిలోనూ జిల్లా మొత్తం మీద మా బడి బ్యాండుకే మొదటి బహుమతి ఇచ్చారట. ఆ ప్రశంసాపత్రం నకలు కూడా జతచేశారు.

నాన్న కూలబడ్డాడు. నేను ఏడవలేదు, ఏడుపు వచ్చే చోటు దాటిపోయింది.

అమ్మ చుడుతున్న ఆకు ఆపింది. “స్వరశుద్ధా?” అంది.

“అవును.”

“ఆ దూది కుక్కిన గొట్టాలకా?”

“అవునమ్మా.”

అమ్మ లేచి చేతులు కడుక్కుంది. వీధి వైపు కిటికీ బార్లా తెరిచింది. ఎదురింటివాళ్లు తొంగి చూస్తున్నా పట్టించుకోలేదు. వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

“కాగితం తీయ్. మళ్లీ రాయి. ఈసారి కింద నా పేరు కూడా పెట్టు.”

నేను కలం తీసుకుని, పైన ఎప్పటిలా మొదలుపెట్టబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“దయామయులూ లేదు, అయ్యగారూ లేదు. తిన్నగా విషయంలోకి రా.”